చేతులు మరిగిన పిల్ల

మేదిని అని పేరు పెట్టుకున్నాం.
భూమి అన్నమాట.
నాలుగు నెలలు నిండాయి, పగటిపూట ఒక్కసారైనా
నేలకు వీపు ఆనించి నిద్రపోలేదు.
రాత్రి సంగతి వేరు. రాత్రి చీకటి ఎత్తుకుంటుంది.
పగలు నా ఛాతీయే దాని ఊరు.

ఎడమ చెయ్యి దానిది, కుడి చెయ్యి ఆఫీసుది.
ఐదో తరగతి పరిసరాల విజ్ఞానం
ఒంటిచేత్తో పేజీల్లో సర్దుతున్నాను.
కామా ఉండాల్సిన చోట చుక్క పడుతోంది,
బొమ్మలో ఆవు పక్కకు జరిగి
చెరువు మధ్యలో నిలబడుతోంది.
దురద పుడితే గోక్కోను. తుమ్ము వస్తే మింగేస్తాను.

"పిల్ల చేతులు మరిగింది" అంది ఫోనులో మా అత్త, ఆదోని నుంచి.
మరగడం పాలకే తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ.
పక్కనే నిలబడి చూసుకోవాలన్న సంగతి
రెంటికీ ఒకటే.

వచ్చే నెల నుంచి ఆఫీసుకు రమ్మన్నారు.
క్రెష్‌లో ఆరుగురు పిల్లలకు ఒక ఆయా,
ఆయాకు ఒకటే ఛాతీ.

పొద్దుటి కునుకుతో మొదలుపెట్టాను.
హొరమావులో మూడో అంతస్తు, పరదాలు దించాను.
అది బాగా నిద్రపోయాక, ముందు పిరుదులు,
తర్వాత వీపు, చిట్టచివర తల,
నిండు బిందెను తొణక్కుండా గట్టుమీద దించినట్టు.
దించానో లేదో
కింద నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టింది.
కళ్ళు తెరిచి నన్ను చూసింది,
టికెట్టున్నా దింపేసిన కండక్టర్ని చూసినట్టు.

రెండో రోజు పైఅంతస్తులో డ్రిల్లు.
మూడో రోజు ఏ చప్పుడూ లేదు. అయినా లేచింది.
తప్పు ట్యాంకరుది కాదని అప్పుడు ఒప్పుకున్నాను.

మునియమ్మ గిన్నెలు తోముతూ,
వెనక్కి తిరక్కుండానే, తన ముళబాగిలు తెలుగులో అంది:
"నిద్దర పోయినంక మోసం జేసి దించితే
యెవురైనా ఉలిక్కిపడతారప్పా.
కండ్లు మూతలు పడతా ఉండంగనే పండబెట్టు.
తా యాడుండేదీ దానికి తెలియాల."

నాలుగో రోజు మోసం చెయ్యలేదు.
కళ్ళు బరువెక్కుతుండగానే పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి
ఇది నీ పక్క, ఇదిగో నేను, అని చెప్పాను.
ఏడ్చింది. ఎత్తుకున్నాను. దించాను.
మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఎత్తుకోకుండా
పొట్టమీద అరచెయ్యి ఉంచి శ్ శ్ అన్నాను,
వంటింట్లోంచి కుక్కరు కూడా వంత పాడింది.
అరచేతి కింద దాని ఊపిరి
లేస్తూ పడుతూ, లేస్తూ పడుతూ
ఒకచోట నెమ్మదించింది.

చిటికెన వేలు తీశాను.
ఆగాను.
ఉంగరం వేలు.
నడిమి వేలు తీయబోతే పెదవి వణికింది, మళ్ళీ పెట్టేశాను.
చెత్తబండి కన్నడ పాట పాడుకుంటూ
వీధి చివరిదాకా వెళ్ళిపోయింది.
నడిమి వేలు. చూపుడు వేలు.
బొటనవేలు మాత్రం చాలాసేపు
దాని జుబ్బా ముడి మీదే ఉండిపోయింది.
దానికి అక్కర్లేదని తెలుస్తూనే ఉంది.

ఇరవై ఆరు నిమిషాలు.
రెండు చేతులతో ఏం చెయ్యాలో తోచలేదు.
ఆవును చెరువులోంచి బయటికి తీశాను.
కాఫీని వేడిగా ఉండగానే తాగాను.
మూడుసార్లు వెళ్ళి ఊపిరి చూసొచ్చాను.
బనీను మీద జొల్లు మరక లేదు,
అక్కడ ఫ్యాను గాలి తగులుతుంటే కొత్తగా ఉంది.

మధ్యాహ్నం కుదరలేదు, మళ్ళీ ఛాతీ మీదే.
సాయంత్రం కునుకుకు అసలు ప్రయత్నించలేదు.
అదొక్కటీ కొన్నాళ్ళు నాకుండనీ.

రాత్రి తొమ్మిదికి హిమజ వచ్చింది,
జయనగర్‌లో బ్లడ్ బ్యాంకు డ్యూటీ దిగి.
మోచేతుల దాకా కడుక్కుని "ఎన్ని?" అంది.
ఒక వేలు చూపించాను.
పక్కమీద పాపను చూసింది, నన్ను చూసింది.
"అయితే ఇక్కడ ఖాళీయేనా?" అని
నా ఛాతీ మీద తల వాల్చింది.
రెండు నిమిషాల్లో సన్నగా గురక.

ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది.
చిటికెన వేలు కూడా కదపలేదు.